మూడు లీటర్ల పని

చిన్న పెట్రోలు కారుకు ఇంజన్ ఆయిల్ మార్చడం పెద్ద విద్యేమీ కాదు. అడుగున ఉన్న బోల్టు విప్పి పాత ఆయిల్ దించడం, ఫిల్టరు మార్చడం, బోల్టు మళ్ళీ బిగించి పైనుంచి కొత్త ఆయిల్ పోయడం, అంతే. తీరిగ్గా చేసినా గంటన్నరకు మించదు. అయితే ఈ పనిని ఇంటి దగ్గర మొదలుపెట్టాలనుకునేవారికి నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది: ఇందులో చేతి నేర్పు కంటే కొలతకు విలువ ఎక్కువ. ఏ ఆయిల్ పోయాలి, ఎంత పోయాలి, బోల్టు ఎంత బిగించాలి, ఎన్నాళ్ళకొకసారి మార్చాలి అన్న ప్రశ్నలన్నింటికీ కారు తయారుచేసినవారు అంకెల్లో సమాధానం రాసి, ఆ పుస్తకాన్ని మన డ్యాష్‌బోర్డు అరలోనే పెట్టి పంపించారు. ఆ పుస్తకం తెరవకుండా, అలవాటునో విన్న మాటనో నమ్ముకుని చేసినప్పుడే ఈ తేలిక పని ఇంజన్ విప్పే పనిగా మారుతుంది.

తిరుపతిలో ఈ పని చేసిపెట్టేవారికి కొదవ లేదు. రేణిగుంట రోడ్డు పట్టుకుని వెళితే కంపెనీల సర్వీసు సెంటర్లు కనిపిస్తాయి. ఇక మెకానిక్ షెడ్డు లేని పేట ఊళ్ళో లేదు. ఇంటి దగ్గర చేసుకుంటే డబ్బు బాగా మిగులుతుందన్న ఆశతో ఎవరైనా దిగితే నిరాశే మిగులుతుంది. ఆయిల్‌కూ ఫిల్టరుకూ ఎక్కడైనా డబ్బు పెట్టవలసిందే. మిగిలేది కూలి మాత్రమే, ఆ మిగులు కూడా మొదటి ఏడాది జాకీ స్టాండ్లకూ, బోల్టు ఎంత బిగిసిందో కొలిచి చూపే టార్క్ రెంచికీ సరిపోతుంది. నేను చేసుకోవడానికి కారణం వేరు. ఇంజన్‌లోకి ఏం వెళ్ళిందో, ఎంత వెళ్ళిందో నాకు అనుమానం లేకుండా తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఏడాదికొకసారి కారు అడుగు భాగాన్ని నా కళ్ళతో చూస్తాను. యాక్సిల్ రబ్బరు బూటు చీలిందా, సైలెన్సరు పైపు తుప్పు పట్టిందా, ఎక్కడైనా ఆయిల్ చెమర్చుతోందా అన్నవి ఆ వంకన బయటపడతాయి. సర్వీసు సెంటరులో వెయిటింగు గదిలో కూర్చున్నవారికి ఆ అవకాశం ఉండదు.

కారు ఇంకా వారంటీలో ఉంటే మాత్రం ఈ ముచ్చట కొన్నాళ్ళు వాయిదా వేసుకోవడమే మంచిది. వారంటీ షరతుల్లో నిర్ణీత సర్వీసులన్నీ అధీకృత కేంద్రంలో జరిగినట్టు నమోదై ఉండాలని సాధారణంగా ఉంటుంది. రేపు ఇంజన్‌కు ఏదైనా వచ్చినప్పుడు మన నోట్‌బుక్కులో మనం రాసుకున్న తేదీలు అక్కడ చెల్లవు.

ఆయిల్ ఎంపిక దగ్గరే మన ఊళ్ళో వాదన ఎక్కువ. నా కారు మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంది. కొత్త మోడళ్ళలో చాలావాటికి 0డబ్ల్యూ-20 అని ఉంటోంది. ఈ సంగతి ఏ షెడ్డులో ఎత్తినా వచ్చే సమాధానం ఒక్కటే: "సార్, మన ఎండలకి ఇంత పల్చని ఆయిలు నిలస్తాదా? 20డబ్ల్యూ-40 పోసేయండి, ఇంజన్ మెత్తగా ఉంటాది." ఈ మాట అనేవారు మోసగాళ్ళు కారు. పాతికేళ్ళ క్రితం కార్ల ఇంజన్లకు అది సరైన సలహాయే. ఈనాటి ఇంజన్లకు అది ఎందుకు సరిపోదో తెలియాలంటే ఆ రెండు అంకెలు దేన్ని కొలుస్తాయో చూడాలి.

డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఇంజన్ స్టార్టు చేసేటప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను ఈ విషయంలో పరీక్షించేది సున్నాకు 30 డిగ్రీలు దిగువన, 0డబ్ల్యూను సున్నాకు 35 డిగ్రీలు దిగువన. సంక్రాంతి నాటి తెల్లవారుజామున కూడా తిరుపతిలో ఆ చలి ఊహకు అందదు కాబట్టి, మనకు ఆ అంకెతో అవసరమే లేదని కొందరంటారు. అందులో సగమే నిజం. రాత్రంతా నిలిపి ఉంచిన ఇంజన్‌లో ఆయిల్ అంతా అడుగున ఉన్న చాంబరులోకి దిగిపోతుంది. పొద్దున తాళం తిప్పగానే పంపు దాన్ని పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు దాకా ఎక్కించాలి. మన వాతావరణంలో కూడా 20డబ్ల్యూ ఆయిల్ కంటే 5డబ్ల్యూ ఆయిల్ ఆ దారిని త్వరగా ఎక్కుతుంది. ఇంజన్ అరుగుదలలో చెప్పుకోదగ్గ భాగం ఆ మొదటి క్షణాల్లోనే జరుగుతుంది.

రెండో అంకె ఇంజన్ వేడెక్కిన తరువాతి చిక్కదనానిది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచినప్పుడు 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. 20 గ్రేడుకు అది 6.9 నుంచి 9.3 వరకు, 40 గ్రేడుకు 12.5 నుంచి 16.3 వరకు. ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, బయట ఎండ 42 డిగ్రీలున్నా, ఇంకో ఊళ్ళో మంచు కురుస్తున్నా, వేడెక్కి నడుస్తున్న ఇంజన్‌లో దాన్ని చల్లబరిచే ద్రవాన్ని, అంటే కూలెంటును, థర్మోస్టాట్ దాదాపు 90 డిగ్రీల దగ్గరే నిలుపుతుంది. ఆయిల్ వేడి ఆకాశంలోని సూర్యుడి మీద కంటే ఇంజన్ మోస్తున్న బరువు మీద, అది తిరుగుతున్న వేగం మీద ఎక్కువ ఆధారపడుతుంది. బేరింగుల సందులు, ఆయిల్ పంపు సామర్థ్యం, వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకూ వెనక్కూ జరిపే ఆయిల్ దారులు అన్నీ ఆ గ్రేడును మనసులో పెట్టుకునే తయారవుతాయి. సన్నని దారుల్లో చిక్కని ఆయిల్ నెమ్మదిగా పోతుంది, మైలేజీ తగ్గుతుంది, పికప్ మందగిస్తుంది. మన ఎండలను గురించి మాన్యువల్ రాసినవారికి తెలియదనుకోవడం పొరపాటు. చాలా మాన్యువళ్ళలో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏ గ్రేడు వాడవచ్చో చూపించే పట్టిక కూడా ఉంటుంది. ఆ పట్టికలో 40 గ్రేడుకు అనుమతి ఉంటే నిరభ్యంతరంగా పోసుకోవచ్చు. లేకపోతే ఎవరు చెప్పినా వద్దు.

గ్రేడుతో పాటు డబ్బా మీద చూడవలసినది ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నాణ్యతను బట్టి ఇచ్చే అక్షరాలు. పెట్రోలు ఇంజన్లకు ఎస్‌తో మొదలయ్యే తరగతులుంటాయి. ఎస్‌ఎన్ 2010 నుంచి, ఎస్‌పీ 2020 నుంచి వాడుకలో ఉన్నాయి. తరువాత వచ్చినది ముందుదానికి బదులుగా పనికివస్తుంది, వెనుకటిది కొత్తదానికి పనికిరాదు. ఈ రెండూ సరిపోయిన తరువాత కంపెనీ పేరు ఏదైనా నాకు పట్టింపు లేదు. మినరలా, సెమీ సింథటిక్కా, పూర్తి సింథటిక్కా అన్న ప్రశ్నకు కూడా మాన్యువల్ చెప్పిన గ్రేడే చాలావరకు జవాబు చెప్పేస్తుంది, ఎందుకంటే 0డబ్ల్యూ-20 లాంటివి మామూలు మినరల్ ఆయిల్‌తో తయారు కావు. డబ్బు ఎక్కువ పెట్టి ఖరీదైన ఆయిల్ పోసి రెండేళ్ళు నడపడం కంటే, చెప్పిన ఆయిల్‌నే పోసి ఏడాదికే మార్చడం ఇంజన్‌కు మేలు. ఇంజన్ ఫ్లష్ అనీ, ఆయిల్‌లో కలిపే మరొక సీసా అనీ అంటగట్టే వాటిని నేను కొనను. డిటర్జెంటు, అరుగుదలను అడ్డుకునే మందు, నురగను తగ్గించే మందు అన్నీ తగిన పాళ్ళలో ఆ డబ్బాలోనే ఉన్నాయి.

ఎన్నాళ్ళకు మార్చాలన్నది కూడా పుస్తకంలో ఉంది: నా కారుకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఊళ్ళో తిరిగే కార్లకు ఎప్పుడూ ముందు వచ్చేది ఏడాదే, దాన్నే జనం పట్టించుకోరు. "ఏడాదిలో నాలుగు వేలు కూడా తిరగలేదు, అప్పుడే ఆయిల్ ఎందుకు?" అన్న ప్రశ్న మా వీధిలోనే విన్నాను. నిజానికి బైరాగిపట్టెడ నుంచి లీలామహల్ సర్కిల్ దాకా వెళ్ళి, కూరగాయలు కొనుక్కుని తిరిగి వచ్చే కారుకే ఆయిల్ త్వరగా పాడవుతుంది. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి, మండకుండా మిగిలిన పెట్రోలు కొంత పిస్టన్ రింగులను దాటి ఆయిల్‌లోకి దిగుతాయి. ఆయిల్ బాగా వేడెక్కి కొంతసేపు అలాగే నడిస్తే అవి ఆవిరై బయటకు పోతాయి. రెండు కిలోమీటర్లకే ఇంజన్ ఆపేస్తే లోపలే ఉండిపోతాయి. ఆయిల్ మూత తీసినప్పుడు దాని లోపలివైపు మీగడలాంటి తెల్లని పూత కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే. అందుకే చాలా మాన్యువళ్ళు తక్కువ దూరాల వాడకాన్ని, దుమ్మును, ఎక్కుడు దారులను కష్టమైన వాడకంగా లెక్కగట్టి, గడువు తగ్గించుకోమంటాయి. నెలకొకసారైనా చంద్రగిరి దాటి ఒక అరగంట ఏకధాటిగా నడిపి వస్తే ఆయిల్‌కు మంచిది. తేదీ మరిచిపోకుండా ఉండడానికి నేను ఈ పనిని ఆయుధపూజకు ముందు వారంలో పెట్టుకుంటాను. పసుపు కుంకుమలతో పాటు కారుకు కొత్త ఆయిల్ కూడా అందుతుంది. అప్పటికి ఎండ కాస్త తగ్గుతుంది, నవంబరు వానలు ఇంకా మొదలుకావు.

ఇక పని. మొత్తం వ్యవహారంలో ప్రాణానికి ప్రమాదం ఉన్నది ఒక్క చోటే, అది కారు కిందికి దూరడం. చిన్న కార్ల అడుగుకూ నేలకూ మధ్య జానెడు ఎత్తు కూడా ఉండదు, కాబట్టి లేపక తప్పదు. కారుతో పాటు వచ్చే జాకీ టైరు మార్చడానికి ఇచ్చినది. దాని మీద నిలిపిన కారు కిందికి తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టకూడదు. సమతలంగా ఉన్న గట్టి నేల మీద కారు నిలిపి, హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో వేసి, వెనుక చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టాలి. తరువాత ముందు భాగాన్ని మాన్యువల్ చూపించిన చోట జాకీతో లేపి, రెండు వైపులా ఇనుప స్టాండ్ల మీద దించి, చేతితో గట్టిగా ఊపి చూసి, అప్పుడే కిందికి వెళ్ళాలి. ఇటుకలు, కాంక్రీటు దిమ్మెలు పేర్చడం కొన్నిచోట్ల చూస్తుంటాం. ఇటుక పగిలేముందు చెప్పి పగలదు. అపార్టుమెంటు సెల్లారులో టైల్సు పరిచిన నేల ఉంటే స్టాండు కాళ్ళు జారకుండా కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయాలి. మంగళం వైపు ఎవరింటి ముందైనా ఏటవాలు సిమెంటు ర్యాంపు ఉంటే దాని మీద చేయాలనిపిస్తుంది, కానీ వాలులో ఉన్న కారు ఈ పనికి పనికిరాదు: చక్రాలు దొర్లే భయం ఒకటి, ఆయిల్ పూర్తిగా దిగకపోవడం మరొకటి.

ఆయిల్ దించే ముందు ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపించడం మంచిది. గోరువెచ్చని ఆయిల్ పలచగా ఉండి, అడుగున పేరుకున్న మడ్డిని తనతో పాటు తీసుకుపోతుంది. బాగా వేడెక్కిన కారు మీద పని మొదలుపెట్టకూడదు. 90 డిగ్రీల ఆయిల్ మోచేతి మీదుగా జారిందంటే బొబ్బలు ఖాయం. అలిపిరి నుంచి ఇప్పుడే దిగి వచ్చిన కారైతే గంటసేపు ఆగాలి. చేతులకు నైట్రైల్ గ్లవుజులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. గడియారం, ఉంగరం తీసి లోపల పెట్టుకోవాలి.

బానెట్ ఎత్తి పైన ఆయిల్ మూత తీస్తే గాలి ఆడి ఆయిల్ సులువుగా దిగుతుంది. చాంబరు అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టుకు సరిగ్గా కూర్చునే రింగు స్పానరు గానీ సాకెట్ గానీ వాడాలి. స్క్రూ స్పానరుతో బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది. ఒకసారి వదులైన తరువాత చివరి చుట్లు వేళ్ళతో, బోల్టును లోపలికి నొక్కిపట్టి తిప్పాలి. చివరి మర వదలగానే చెయ్యి పక్కకు లాగేయాలి. ఆయిల్ మొదట నేరుగా కిందికి పడదు, ముందుకు చిమ్ముతుంది. బేసిన్‌ను ఆ మేరకు జరిపి పెట్టాలి, కింద పాత ఫ్లెక్సీ ముక్క పరుచుకోవాలి. ఎన్నికల తరువాత మన ఊళ్ళో ఫ్లెక్సీలకు కరువు లేదు.

ధార సన్నబడి చుక్కలుగా మారడానికి పావుగంట పడుతుంది. ఆ సమయంలో బోల్టును బనియన్ వేస్టుతో తుడిచి చూస్తాను. కొన్ని బోల్టుల కొసకు అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు మెత్తని పొర అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల, గోటికి తగిలే ఇనుప తునకలుంటే మెకానిక్‌ను పిలవవలసిన సంగతి. బోల్టు కింద ఉండే వాషరును ప్రతిసారీ కొత్తది వేయాలి. మెత్తని లోహంతో చేసిన ఆ వాషరు ఒకసారి నలిగి సందును మూస్తుంది. రెండోసారి దానికి నలిగే గుణం ఉండదు. ఫిల్టరు కొన్నప్పుడే అడిగితే పది, ఇరవై రూపాయలకు దొరికే వస్తువు కోసం ఏడాది పొడవునా పార్కింగులో ఆయిల్ మరక భరించడం దండగ.

బోల్టు బిగింపు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. అది వదులుగా ఉంటే ఊడిపోతుందన్న భయంతో మనవాళ్ళు స్పానరుకు ఇనుప పైపు తొడిగి మరీ బిగిస్తారు. చాలా కార్లలో చాంబరు అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. ఉక్కు మరలు అల్యూమినియం మరలను కోసేస్తాయి. మర పోయిన చాంబరుకు మళ్ళీ మర కోయించాలి, లేదా చాంబరే మార్చాలి. నా కారు బోల్టుకు చెప్పిన బిగువు 35 న్యూటన్ మీటర్లు. లెక్క వేస్తే, పావు మీటరు పొడవున్న స్పానరు చివర దాదాపు 14 కిలోల బలం అవుతుంది. ఒక చేత్తో, పడుకున్న చోటి నుంచి, పళ్ళు కొరకకుండా లాగితే చాలు. కానీ పడుకుని లాగే చేతికి ఎంత బలం వెళుతోందో తెలియదు కాబట్టే టార్క్ రెంచి. మీ కారుకు ఈ అంకె వేరుగా ఉండవచ్చు. మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఫిల్టరు మర తిప్పి బిగించే డబ్బా రకమైతే విప్పేటప్పుడు ఒకటే జాగ్రత్త. పాత ఫిల్టరు ఊడి వచ్చాక దాని రబ్బరు రింగు దానితోనే వచ్చిందో లేదో చూడాలి. ఒక్కోసారి అది ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్మి, కొద్ది నిమిషాల్లోనే చాంబరు ఖాళీ అవుతుంది. కొత్త ఫిల్టరు రబ్బరుకు వేలితో కొత్త ఆయిల్ రాసి, చేతితో తిప్పి, రబ్బరు ఇంజన్‌ను తాకిన తరువాత మరో ముప్పావు చుట్టు బిగించాలి. స్పానరు అవసరం లేదు. ఫిల్టరు మీద కూడా ఆ మాట బొమ్మ వేసి మరీ రాసి ఉంటుంది.

మన ఊళ్ళల్లో తిరిగే 1.0, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి ఫిల్టరుతో కలిపి మూడు నుంచి మూడున్నర లీటర్ల ఆయిల్ పడుతుంది. అంగట్లో మూడు లీటర్ల డబ్బాలూ మూడున్నర లీటర్ల డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి. కొన్నాం కదా అని డబ్బా మొత్తం వంచేయడం ఈ పనిలో అందరూ చేసే తప్పు. ఎంత దించినా పాత ఆయిల్ కొంత లోపల మూలల్లో మిగిలే ఉంటుంది. మాన్యువల్ చెప్పిన దానికంటే పావు లీటరు తక్కువగా గరాటుతో పోసి ఆపాలి. తరువాత గేరును న్యూట్రల్‌కు తెచ్చి ఇంజన్ స్టార్టు చేసి, డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ గుర్తున్న ఎర్ర దీపం ఆరేదాకా యాక్సిలరేటరు తొక్కకుండా ఉండాలి. సెలవుల్లో మా అక్క కొడుకు వచ్చి ఉంటే వాణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టి, నేను కింద ఫిల్టరు వైపు చూస్తూ ఉంటాను. "ఆరిపోయింది మామా" అన్న మాట రెండు మూడు క్షణాల్లో రావాలి. కొత్త ఫిల్టరు నిండడానికి ఆ మాత్రం పడుతుంది. పది క్షణాలైనా దీపం ఆరకపోతే ఇంజన్ ఆపేయాలి.

ఆ దీపం గురించి ఒక అపోహ ఉంది. అది ఆయిల్ తగ్గిందని చెప్పే దీపం కాదు, ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెప్పే దీపం. ఆయిల్ లీటరుకు పైగా తగ్గినా సమతలమైన రోడ్డు మీద అది వెలగకపోవచ్చు. అదే కారు తిరుమల ఘాట్ రోడ్డులోనో, మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్‌లోనో హెయిర్‌పిన్ మలుపు తిరిగినప్పుడు, చాంబరులో ఉన్న కొద్దిపాటి ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, పంపు పీల్చే గొట్టం గాలిని పీలుస్తుంది. మలుపు దగ్గర దీపం ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది. బేరింగులకు ఆయిల్ అందని క్షణం అది. అందుకే కొండకు బయలుదేరే ముందు టైర్లలో గాలి చూసుకునేవారు ఆయిల్ మట్టం చూపే పుల్ల, అంటే డిప్ స్టిక్ కూడా లాగి చూసుకోవాలి. దిగి వచ్చాక మరొకటి గమనించవచ్చు: 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పుడు కిందికి దిగుతాం, దారి పొడవునా చిన్న గేరులో ఇంజన్ బ్రేకింగుతో వచ్చిన కారు, అలిపిరి దగ్గర యాక్సిలరేటరు తొక్కగానే నీలిరంగు పొగ వదిలితే, వాల్వు సీళ్ళు అరిగి ఆయిల్ లోపలికి దిగుతోందన్నమాట. అలాంటి కారుకు నెలకు రెండుసార్లయినా మట్టం చూడాలి.

దీపం ఆరిన తరువాత ఒక నిమిషం ఇంజన్ నడిపి, ఆపి, కారును స్టాండ్ల మీద నుంచి నేలకు దించి, ఐదు నిమిషాలు ఆగి డిప్ స్టిక్ తీయాలి. తుడిచి, పూర్తిగా గుచ్చి, మళ్ళీ తీసి, రెండు ముఖాలూ చూసి, తక్కువ చూపించిన దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. చిన్న కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా ముప్పాతిక నుంచి ఒక లీటరు దాకా ఉంటుంది. కొంచెం కొంచెంగా పోసుకుంటూ పై గీతకు ఒక వెంట్రుకవాసి దిగువన ఆపడం నా పద్ధతి. పై గీత దాటితే ఏమవుతుందని తేలిగ్గా తీసుకునేవారున్నారు. మట్టం బాగా పెరిగితే తిరుగుతున్న క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ను చిలుకుతుంది. నురగ పట్టిన ఆయిల్‌లో గాలి ఉంటుంది, గాలి బేరింగును కాపాడలేదు. కాబట్టి ఎక్కువ పోయడం కూడా తక్కువ పోయడమంత చెడ్డదే. ఎక్కువైతే డ్రెయిన్ బోల్టు వదులు చేసో, డిప్ స్టిక్ గొట్టంలోంచి సిరంజితో లాగో తగ్గించాలి. రాత్రికి కారు కింద అట్టముక్క పరిచి, పొద్దున దాని మీద చుక్క లేదని చూసుకున్న తరువాతే ఊరి బయటికి తీసుకువెళ్ళాలి.

దించిన ఆయిల్ నల్లగా ఉందని అది కల్తీదనో, ఇంజన్ చెడిందనో అనుకోనక్కరలేదు. మసిని తనలో పట్టి ఉంచడమే దాని పని. రంగు కంటే వాసన, మెరుపు ముఖ్యం. పెట్రోలు వాసన గాఢంగా వస్తే తక్కువ దూరాల వాడకమో, ఇంజెక్టరు లోపమో ఉంటుంది. తెల్లని కాగితం మీద ఒక చెంచాడు పోసి ఎండలో చూస్తే లోహపు రజను మెరుస్తుంది. ఆయిల్ మొత్తం పాలు కలిసినట్టు తెల్లబారి, కూలెంటు ట్యాంకులో మట్టం కూడా తగ్గుతూ ఉంటే ఇంజన్ పైభాగం కింద ఆయిల్, కూలెంటు కలవకుండా అడ్డుగా ఉండే హెడ్ గ్యాస్‌కెట్ పోయిందేమోనని అనుమానించాలి, కారును మళ్ళీ నడపకూడదు.

ఆ పాత ఆయిల్ ఎక్కడికి పోవాలన్నది మిగిలింది. బేసిన్ నిండుగా నల్లని ఆయిల్ కనిపించగానే అడిగేవారు తయారవుతారు. వాచ్‌మన్‌కు గేటు కీళ్ళకు కావాలి. పక్క సైటులో సెంట్రింగ్ పనివారికి పలకలకు పూయడానికి కావాలి. తోట ఉన్న బంధువుకు చెదల మందుగా కావాలి. నేను ఎవరికీ ఇవ్వను, మొహమాటం లేకుండా కారణం చెబుతాను. వాడిన ఆయిల్‌లో అరిగిన లోహాలు, మండగా మిగిలిన విషపదార్థాలు ఉంటాయి. అది చర్మానికి మంచిది కాదు, నేలకు అసలే మంచిది కాదు. మురుగు కాలువలో పోస్తే మన ఊరి నీళ్ళు చేరే దారి స్వర్ణముఖి వైపే. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే కనిపించే ఆ నదిలో, ఇంకిన ప్రతి చుక్కా మళ్ళీ ఎవరి బోరులోకో చేరుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలంటున్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ ఉత్పత్తిదారుల మీద, దిగుమతిదారుల మీద కూడా దాని రీసైక్లింగ్ బాధ్యత పెట్టారు. మనకు సులువైన దారి ఏమిటంటే, చల్లారిన ఆయిల్‌ను గరాటుతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో నింపి, పెద్ద సర్వీసు సెంటరులో పాత ఆయిల్ పట్టే డ్రమ్ములో పోయించి రావడం. ముందు ఫోను చేసి అడిగితే చాలామంది కాదనరు, ఎందుకంటే శుద్ధిచేసి మళ్ళీ బేస్ ఆయిల్‌గా మార్చే సంస్థలు దానికి డబ్బిస్తాయి. అందులో నీళ్ళు గానీ కూలెంటు గానీ కలపకూడదు, కలిస్తే వారు తీసుకోరు. పాత ఫిల్టరును తలకిందులుగా ఒక రాత్రి ఆ బేసిన్‌లోనే ఉంచి, కారిన తరువాత దాన్ని కూడా అక్కడే ఇవ్వాలి.

కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాను మాత్రం అలాగే పాత సామాన్లవాడికి వేయకూడదు. మూత, లేబులు, బ్యాచ్ నంబరు చెడకుండా ఉన్న ఖాళీ డబ్బా నకిలీ ఆయిల్ నింపేవారికి బంగారం. కత్తితో అడుగున అడ్డంగా కోసి, లేబులు చీల్చి, అప్పుడు వేయాలి. మనం కొనేటప్పుడు కూడా సీలు ఊడి ఉందా, డబ్బా మెడ దగ్గర గీతలున్నాయా, తయారీ తేదీ చెరిపినట్టుందా అని చూసి, బిల్లు తీసుకుని రావాలి. ఆ బిల్లు వెనుకనే నేను కిలోమీటర్ల రీడింగు, పోసిన ఆయిల్ పరిమాణం రాసి, మాన్యువల్ పుటల మధ్య పెడతాను. కారు అమ్మేటప్పుడు కొనేవారు మొదట అడిగేది అదే.